దీర్ జిల్లాకు ఖఫ్జీ మీదుగా

పాకిస్తాన్‌లో వాయవ్య మూలన, అఫ్ఘనిస్తాన్ సరిహద్దును ఆనుకుని దీర్ అనే కొండల జిల్లా ఒకటి ఉంది. అక్కడ ఉండేది దాదాపు అంతా పఠాన్లే. నేను ఆ జిల్లాకు వెళ్ళలేదు, నా పాస్‌పోర్టుతో వెళ్ళగలనన్న ఆశా లేదు. అయినా అక్కడ ఏ వాగు ఏ నదిలో కలుస్తుందో, అక్రోటు చెట్లు ఏ ఊరి దగ్గర మొదలవుతాయో, ఏ కనుమ మంచుకు మూసుకుపోతుందో నన్నడగండి, తడుముకోకుండా చెబుతాను. ఈ చదువంతా సౌదీ అరేబియాలో, దమ్మామ్ నుంచి ఖఫ్జీకి వెళ్ళే లారీలో, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని రెండు రోజుల్లో నేర్చాను. ఫీజు మాత్రం ఖఫ్జీ చేరాక కట్టాల్సి వచ్చింది.

దమ్మామ్

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం. నేను దమ్మామ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో పంపుల ఇంజనీరును. అంతకుముందు ఏడాది అదే ఊళ్ళో సైరన్ మోగినప్పుడల్లా గ్యాస్ మాస్కు తగిలించుకుని స్నానాల గదిలో కూర్చున్నవాణ్ణి. కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్నన్నాళ్ళూ మా డాబా మీద ఆరేసిన తెల్ల చొక్కాలు సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేవి. ఇప్పుడు ఆకాశం తేటపడింది. సరిహద్దు ఊరైన ఖఫ్జీలో పాడైపోయిన నీటి పంపులు మార్చే పని మా కంపెనీకి వచ్చింది. పంపులు లారీలో వెళ్ళాలి, నేను కారులో వెళ్ళాలి. అదీ ఏర్పాటు.

ఈ ఏర్పాటు లారీ డ్రైవరు గుల్ రహ్మాన్‌కు నచ్చలేదు. ఆరడుగుల మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, నడివేసవిలో కూడా నెత్తి మీది ఉన్ని టోపీ తియ్యడు. వారం రోజులుగా నా గదికి వచ్చి ఒకటే పాట.

"ఇంజనీర్ సాబ్, కారులో ఏముంది? ఎవరితో మాట్లాడతారు? నా లారీలో రండి. ఛాయ్ నాది, రొట్టె నాది."

నా మాటలంటే అంత ఇష్టమా అని పొంగిపోయాను. ఆఫీసులో నేను నోరు విప్పితే జనానికి అర్జెంటు పనులు గుర్తొస్తాయి. అలాంటిది ఒక మనిషి బతిమాలి మరీ తీసుకెళతానంటే కాదంటానా? మేనేజరుకి చెప్పి కారు వద్దన్నాను.

లారీ ఊరు దాటకముందే దీర్ మొదలైంది. మేం మాట్లాడుకున్నది ఉర్దూ. అతని ఉర్దూలో సగం పష్తో, నా దాంట్లో సగం తెలుగు. అయినా ఎక్కడా ఆగలేదు.

"మా జిల్లాకి పంజ్‌కోరా నదే దారి," అన్నాడు గుల్. "పైన దేవదారు అడవులు, మంచు. నది అక్కడ పుట్టి కిందికి దూకుతుంది. కింద తిమర్‌గరా దగ్గర నెమ్మదిస్తుంది, అక్కడ వరి పండిస్తారు. మధ్యలో రెండు పక్కల నుంచీ వాగులొచ్చి కలుస్తాయి. వాగుకో లోయ, లోయకి నాలుగైదు ఊళ్ళు. మా ఇంటి పైకప్పు పైవాడికి వాకిలి. వాడి పిల్లలు గెంతితే మా పప్పులో మట్టి రాలుతుంది."

మాది కోనసీమ అనీ, మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైన చోటు కాలువ గట్టే అనీ చెప్పాను. గుల్ స్టీరింగు వదిలేసినంత పని చేశాడు.

"కొండే లేదా? మరి శత్రువు వస్తుంటే ఎలా కనిపిస్తాడు?"

"మా శత్రువులు కోర్టుకి వస్తారు గుల్. వాయిదా ఎప్పుడో ముందే తెలుస్తుంది."

దీని గురించి అతను చాలాసేపు ఆలోచించాడు. చివరికి, ఆ పద్ధతిలో ఖర్చెక్కువ అని తేల్చాడు. నిజమే, మా పెదనాన్న రెండెకరాలు వకీళ్ళకే ధారపోశాడు.

ఆ పూటే నేను రెండు పొరపాట్లు చేశాను. అతను పెదవి కింద పెట్టుకునే నస్వార్ అనే ఆకుపచ్చ పొగాకు ముద్ద చిటికెడు తీసుకుని నేనూ పెట్టుకున్నాను. మా తాత అడ్డపొగ చుట్ట కాల్చినవాడు, ఆయన మనవణ్ణి నాకేమవుతుందిలే అనుకున్నాను. కాసేపటికి రోడ్డు పక్క ఒంటెలన్నీ జంటలుగా కనిపించాయి. గుల్ లారీ ఆపి, నా నెత్తిన నీళ్ళు పోసి, అర రియాల్ మజ్జిగ డబ్బా తాగించాడు. రెండో పొరపాటు, తేరుకున్నాక మర్యాద కొద్దీ "మీ ఆవిడ కులాసాయేనా?" అని అడిగాను. మన వైపు ఆ మాట అడక్కపోతే తప్పు. వాళ్ళ వైపు అడిగితే తప్పు. గుల్ రోడ్డు వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"ఇల్లు బాగుందా అని అడగండి సాబ్. అందులో అందరూ వస్తారు."

అలాగే అడిగాను. ఇల్లు బాగుందట. ఏడేళ్ళ కూతురు ఉందట.

రాస్ తనూరా

రాస్ తనూరాలో కొన్ని వాల్వులు దింపాలి. అది ముడిచమురు ఓడలకెక్కే రేవు కాబట్టి గేటు దాటాలంటే పాసు కావాలి, పాసు రాసే మనిషి మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. ఆ రోజుకి కూలీల క్యాంపులో తాపీమేస్త్రి మల్లేశం గదిలో దిగాం. జగిత్యాల దగ్గరి మనిషి, ఇదివరకు మా సైటులో పనిచేశాడు. మమ్మల్ని చూడగానే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండుతో పచ్చిపులుసు కలిపి, ఎండు మిరపకాయలు కాల్చి అందులో నలిపాడు. గుల్ మొదటి ముద్దకే కళ్ళనీళ్ళు పెట్టుకుని, రెండో ముద్దకి ఇంకొంచెం పొయ్యమన్నాడు. దీర్‌లో మొక్కజొన్న రొట్టె, ఆకుకూర, మజ్జిగ తింటారు కానీ పులుపు ఈ స్థాయిలో ఎరగరట.

భోజనాలయ్యాక గుల్ ఎదురు గదుల్లో ఉన్న తన జిల్లా వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. మల్లేశం నా వైపు చూసి ముసిముసిగా నవ్వాడు.

"ఏం సారూ, పెద్దమనిషివైతున్నవట గద?"

"ఎవరు చెప్పారు?"

"మా ఎదురు రూములన్ని ఖాన్లయే. ఈ గుల్‌ది ఖఫ్జీల పంచాయితి ఉన్నదట. ఈడికెల్లి ఇద్దరు ముసలోళ్లు పోవాల్నట, వాళ్ల కఫీల్ కాయితం ఇయ్యలే. ఊరు దాటాల్నంటె యజమాని కాయితం గావాలె గద. గందుకే నిన్ను వట్టుకచ్చిండు. నీ దగ్గర కాయితం ఉన్నది, నీ తల తెల్లగున్నది. ఇంకేం గావాలె?"

నాకప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. మా ఇంట్లో అందరికీ తలలు ముందే నెరుస్తాయి. అయితే గుల్ వారం రోజులు తిరిగింది నా మాటల కోసం కాదు, నా వెంట్రుకల కోసం అన్నమాట. నిజం చెప్పొద్దూ, పంచాయితీ భయం కంటే ముందు ఈ అవమానమే ఎక్కువ గుచ్చుకుంది.

"బుగులు వడకు సారూ," అని మల్లేశం ధైర్యం చెప్పాడు. "మా ఊళ్లె గూడ ఇద్దరికి గానోణ్ణే కూసోవెడ్తరు. కాని మా దగ్గర జుర్మాన ఏస్తరు, ఈళ్లు తుపాకి వడ్తరు. గంతే తేడ."

పొద్దున్నే టీ తాగుతూ గుల్‌ని నిలదీశాను. అతను తడబడలేదు, సిగ్గుపడలేదు. ఇసుకలో కూర్చుని వేలితో ఒక గీత గీశాడు. ఆ గీత వాళ్ళ వాగు. పై చివర గుల్ వాళ్ళ ఊరు. వాగు పంజ్‌కోరాలో కలిసే చోట ఇంకో ఊరు, అక్కడ ఒక నీటి మర. వాగు నీళ్ళతో తిరిగే పిండి మర అది. పదేళ్ళ కిందట ఒక ఎండాకాలం గుల్ తన మొక్కజొన్న ఎండిపోతోందని పైన నీళ్ళు కట్టేశాడు. కింద మర ఆగిపోయింది. మర యజమాని కొడుకు పైకొచ్చి గట్టు తెగ్గొట్టబోతే, గుల్ చేతిలో పార ఉంది. ఆ కుర్రవాడి మోకాలు ఇప్పటికీ వంగదు.

"పగ వాళ్ళది, తీర్చుకునే హక్కు వాళ్ళది," అన్నాడు గుల్. "నేను కాదనను. కానీ చూడండి సాబ్, మా లోయకి దారి ఇదొక్కటే. నేను మా ఊరికి వెళ్ళాలంటే ఆ ముసలాయన ఇంటి ముందు నుంచే వెళ్ళాలి."

మా కోనసీమలోనూ తూములు మూసి తలలు పగలగొట్టుకున్న వాళ్ళున్నారు. మొదట కాలువ లస్కరుకు ఫిర్యాదు, ఆ తర్వాత అమలాపురం కోర్టు. కానీ మాకు ఊరికి నాలుగు దారులుంటాయి. పడని వాడి ఇంటి ముందు నుంచి వెళ్ళకుండా నూరేళ్ళు బతికేయొచ్చు. దారి ఒకటే అయితే మనిషి ఏమవుతాడో నాకప్పుడు తెలిసింది.

ఆ మర యజమానే ఇప్పుడు ఖఫ్జీలో రొట్టెల కొట్టు నడుపుతున్నాడు. హాజీ సాబ్ అంటారు. తప్పు చేసినవాడు ఒక పెద్దమనిషిని ముందు పెట్టుకుని, గొర్రెను తీసుకుని, శత్రువు గుమ్మం తొక్కితే వాళ్ళ భాషలో దాన్ని ననవాతై అంటారట. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి కాదని పంపడం చాలా కష్టం, పంపినవాడికే మాటొస్తుంది.

"ముందే అడగొచ్చుగా నన్ను?" అన్నాను.

"అడిగితే మీరు వచ్చేవారా?"

వచ్చేవాణ్ణి కాదు. అందుకని టీ తాగేసి లారీ ఎక్కాను.

నైరియా సంత

వాల్వులు దింపేసి నైరియా చేరేసరికి అక్కడ సంత జరుగుతోంది. ఒంటెలు, నెయ్యి డబ్బాలు, వానలకి ఎడారిలో పుట్టే కమా అనే దుంపలాంటి పుట్టగొడుగులు. వాటి ధర వింటే మా ఊళ్ళో తొలకరికి గంపలకొద్దీ ఏరి పంచిపెట్టిన పుట్టగొడుగులన్నీ గుర్తొచ్చి గుండె కలుక్కుమంది. గుల్ నేరుగా గొర్రెల దగ్గరికి వెళ్ళి, తోక బలిసిన ఒకదాన్ని చూపించి ధర అడిగాడు. అమ్మే ముసలాయన ఎడారి తెగల బదూ, నాలుగొందల రియాళ్ళన్నాడు. గుల్ మారు మాట లేకుండా డబ్బు తీస్తున్నాడు.

ఇది చూసి ఊరుకోగలనా? నాకొచ్చిన అరబ్బీ మూడు మాటలు: కం, ఖలాస్, బుక్రా. ఎంత, అయిపోయింది, రేపు. ఈ మూడింటితో, చేతులతో, రెండుసార్లు వెళ్ళిపోతున్నట్టు నటించి, గొర్రెను మూడొందల ఇరవైకి దింపాను. మా ఆవిడ చూసి ఉంటే హారతి పట్టేది. గుల్ మాత్రం తెల్లబోయి, బదూ చేతిలో మళ్ళీ నాలుగొందలూ పెట్టాడు.

"సాబ్, క్షమించమని అడగడానికి తీసుకెళ్ళే గొర్రె ఇది. బేరమాడి కొన్నానని తెలిస్తే నన్ను లెక్కగట్టి కొంచెం తగ్గించి క్షమిస్తాడు."

ఆ తర్వాత నేను గొర్రె సంగతిలో జోక్యం చేసుకోలేదు. దాన్ని పంపుల పెట్టెల మధ్య కట్టేసి గడ్డి వేశాం. ఖఫ్జీ దారంతా అది అరుస్తూనే ఉంది, గుల్ మాత్రం మాటలు తగ్గించాడు. ఒకసారి మాత్రం తనంతట తనే చెప్పాడు. మూడేళ్ళ కిందట సెలవు దొరికితే, ఆ ఒక్క దారీ వదిలేసి, పక్కనున్న స్వాత్ వైపు నుంచి మంచు కనుమ ఎక్కి దిగాడట. ఇంటికైతే చేరాడు. కానీ ఎవరైనా చూస్తే కింది ఊరికి కబురు వెళుతుందని సెలవంతా లోపలి గదిలోనే ఉండి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళాడు.

"మీ వాగు చూడలేదా?" అన్నాను.

"శబ్దం విన్నాను," అన్నాడు.

ఖఫ్జీ రొట్టెల కొట్టు

యుద్ధంలో ఖఫ్జీ కొన్నాళ్ళు మనిషన్నవాడు లేకుండా ఉంది. మేం వెళ్ళేసరికి వీధులు మళ్ళీ నిండాయి కానీ, గోడల మీద తూటాల గుంతలు కొన్ని పూడ్చారు, కొన్ని వదిలేశారు. రొట్టెల కొట్టు ఒక సందు మొదట్లో ఉంది. పక్కన మలయాళీ టీకొట్టు. గుల్ గొర్రెను పట్టుకున్నాడు, నన్ను ముందు నడవమన్నాడు. దారిలో ఉర్దూలో ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. శాంతి, సహనం, పొరుగు ధర్మం, అన్నీ ఉన్నాయి అందులో.

కొట్టు తెరిచే ఉంది. తందూరు మండుతోంది. పిండి ముద్దలు వరసగా పేర్చి తడిగుడ్డ కప్పి ఉన్నాయి. మనిషి లేడు.

"మీరు వస్తున్నారని ఎవరో డ్రైవరు చెప్పాడు," అన్నాడు టీకొట్టు మలయాళీ. "హాజీ వెళ్ళి మసీదులో కూర్చున్నాడు. మీరు వెళ్ళేదాకా రాడట. ఇది రొట్టెల వేళ, ఈయనిప్పుడిలా చేస్తే ఎలా? యుద్ధమయ్యాక ఈ వీధిలో మొదట పొయ్యి వెలిగించింది ఆయనే."

గుల్ అక్కడే చతికిలబడ్డాడు. గుమ్మంలో మనిషి లేకపోతే గుమ్మం తొక్కీ లాభం లేదు. ముసలాయనకి కాదనడం ఇష్టం లేదు, ఔననడమూ ఇష్టం లేదు. అందుకని లేకుండా పోయాడు. నాకు చాలా కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

సాయంత్రం నమాజు అయిపోయింది. కార్లు వచ్చి హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. ఖఫ్జీ అంతా రొట్టె కోసం వచ్చినట్టుంది. గుల్ లేచి, పిండి మీది గుడ్డ ఎత్తి వేలితో నొక్కి చూశాడు.

"పులిసిపోతోంది," అన్నాడు.

అంతే, చేతులు కడుక్కుని పైకి మడిచాడు. సౌదీ వచ్చిన కొత్తలో రియాద్‌లో రెండేళ్ళు రొట్టెలు కాల్చాడట, లారీ తర్వాత నేర్చుకున్నాడట. ముద్దను అరచేతుల మధ్య సాగదీసి, గుడ్డ దిండు మీద పరిచి, తందూరు గోడకి చరిచాడు. ఇనప చువ్వతో తీసి బల్ల మీదికి విసిరాడు. బల్ల దగ్గర నేనున్నాను. రొట్టె రియాల్. పాత పేపర్లో చుట్టి ఇవ్వడం, డబ్బు రేకు డబ్బాలో వెయ్యడం నా పని. అందరూ హాజీ ఏడని అడుగుతున్నారు. నాకున్న మూడు మాటల్లో జవాబు లేదు కాబట్టి అందరికీ బుక్రా అని చెప్పాను. పదిహేనేళ్ళ అనుభవమున్న పంపుల ఇంజనీరు వేళ్ళు కాల్చుకుంటూ శత్రువు కొట్టులో రొట్టెలమ్ముతుంటే, పక్కన మలయాళీ టీ మానేసి చూస్తూ నిలబడ్డాడు.

కొట్టు రద్దీ తగ్గుతుండగా ఒక ముసలాయన వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. తెల్ల గడ్డం, భుజాన గోధుమరంగు శాలువా. ఆయన చూపు నా మీది నుంచి తందూరు దగ్గర ఇటు తిరిగి ఉన్న వీపు మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. ఈయనే హాజీ అని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తన కొట్టు రొట్టె జనం చేతుల్లో మసీదు దాకా వస్తుంటే ఆయన ఇంక కూర్చోలేకపోయి ఉంటాడు.

"నువ్వెవరు?" అన్నాడు ఉర్దూలో.

"గుల్‌తో వచ్చాను హాజీ సాబ్. హిందుస్తాన్ నుంచి. తూర్పు గోదావరి జిల్లా."

"ముసల్మానువా?"

"కాదండి."

"మా జిల్లా మనిషి ఒక్కడూ దొరకలేదా వీడికి?"

"వాళ్ళకి కాగితం ఇవ్వలేదండి."

ఇక్కడ నా ఉపన్యాసం మొదలుపెట్టాలి. ఒక్క ముక్క గుర్తులేదు. భోజనాల వేళ ఒక పెద్దాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు, నా చేతిలో వేడి వేడి రొట్టె ఉంది. మా ఇంట్లో ఆ వేళకి గుమ్మంలోకి ఎవరొచ్చినా మొట్టమొదట ఒకటే మాట. పుట్టినప్పటి నుంచీ అలవాటైన మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ముందు తినండి హాజీ సాబ్. వేడిగా ఉంది," అంటూ రొట్టె ఆయన ముందుకు చాపాను.

మలయాళీ నోరు తెరిచాడు. తందూరు దగ్గర గుల్ చెయ్యి ఆగిపోయింది. నేను చేసిన పని అప్పుడర్థమైంది. క్షమాపణ అడగడానికి వచ్చినవాణ్ణి, ఇంటి యజమానికి ఆయన కొట్టులోనే, ఆయన పిండితోనే, అతిథి మర్యాద చేస్తున్నాను.

"నా కొట్టులో నన్ను తినమంటావా?" అన్నాడు హాజీ.

చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా చేతకాలేదు నాకు. ఆయన ఆ రొట్టె వైపు చూశాడు, నా తల వైపు చూశాడు. తర్వాత ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు.

"ఉప్పెక్కువైంది."

"పిండి మీరు కలిపిందే హాజీ సాబ్," అన్నాడు గుల్, వెనక్కి తిరక్కుండా.

పదేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్య మొదటి మాట అది. హాజీ గడ్డం కదిలింది. నవ్వో, ఇంకేదో నాకు తెలియదు. గుల్ బల్ల దాటి వచ్చి, ఉన్ని టోపీ తీసి ఆయన పాదాల దగ్గర పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ టోపీ లేని తల నేను చూడటం అదే మొదటిసారి.  ముసలాయన వంగి, టోపీ మీది పిండి దులిపి, గుల్ నెత్తిన పెట్టాడు.  మలయాళీ గబగబా నాలుగు టీలు పోసుకొచ్చి, నాలుగోది ఎవరికో తెలియక తనే తాగేశాడు.

గొర్రెను వెనక వాకిట్లో కట్టేశారు. హాజీ లోపలి నుంచి టేప్ రికార్డరు తెచ్చాడు. అప్పట్లో గల్ఫ్‌లో చదవడం రాని వాళ్ళు ఇంటికి క్యాసెట్లే పంపేవాళ్ళు. ఆయన దాని ముందు కూర్చుని, మోకాలు వంగని ఆ కొడుకుతో పష్తోలో మాట్లాడాడు. కోప్పడ్డాడు, బతిమాలాడు. అయ్యాక నాకు ఉర్దూలో చెప్పాడు.

"నా కొడుక్కి చెప్పాను. మంచు కరిగాక గుల్ వస్తాడు, మన ఇంటి ముందు నుంచే వస్తాడు, పగటిపూట వస్తాడు. లోపలికి పిలిచి టీ ఇచ్చి పంపించమన్నాను. నువ్వు సాక్షివి. నీ పేరు, మీ నాన్న పేరు, మీ జిల్లా పేరు ఇందులో చెప్పు."

చెప్పాను. మా నాన్న పేరు దగ్గర తడబడ్డాను. మళ్ళీ చెప్పనా అంటే, అక్కర్లేదు, అలాగే ఉండనిమ్మన్నాడు.

మర్నాడు పంపులు దింపే చోటికి వెళుతుంటే గుల్ లారీని మామూలు కంటే నెమ్మదిగా నడిపాడు.  సంతోషంగా లేదా అని అడిగాను.

"సాబ్, నేను ఆ గదిలో దాక్కున్న రోజుల్లో నా కూతురికి నాలుగేళ్ళు," అన్నాడు. "ఎవరు తలుపు తట్టినా అదే వెళ్ళేది. నాన్న సౌదీలో ఉన్నాడని చెప్పేది. నేను నేర్పాను. నేను తలుపు వెనకే ఉండేవాణ్ణి. ఎంత బాగా చెప్పేదంటే, ఒక్కరికీ అనుమానం రాలేదు."

లారీ గేరు మార్చాడు.

"ఈసారి ఎవరడిగినా ఉన్నాడని చెప్పమంటాను. తలుపు బార్లా తెరిచి చెప్పమంటాను."